అయిదో చక్రం మీద బరువెంత?



తెల్లవారుజామున నాలుగు గంటలకు హొసకోటెకు వస్తే రోడ్డు పక్కన రెండు వరసలు కనిపిస్తాయి. ఒకటి బిర్యానీ కోసం బెంగళూరు నుంచి కార్లేసుకొని వచ్చిన కుర్రవాళ్ల వరస. రెండోది ట్రైలర్ల వరస. కొన్ని కోలారు, ముళబాగిలు మీదుగా చిత్తూరు దిగి చెన్నై రేవుకు పోవలసినవి. కొన్ని వైట్‌ఫీల్డ్ కంటైనర్ డిపోకు తిరగవలసినవి. చుట్టుపక్కల గోడౌన్లలో సరుకు దించి ఖాళీగా నిలబడ్డవి ఇంకొన్ని. ఈ రెండో వరస పక్కనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, లోడు చీటీలు రాస్తూ, బండ్లను పంపుతూ, బండి కొంటామని వచ్చినవాళ్లతో మాట్లాడుతూ ముసలివాణ్నయ్యాను.

బండి కొనడానికి వచ్చిన ప్రతివాడూ నన్ను మొదట అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, ఇది ఎంత లాగుతుంది?" ఎంత మోస్తుందని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ రెండో ప్రశ్న గురించే.

ముందు ఈ అయిదో చక్రం ఏమిటో చెబుతాను. ట్రైలర్‌కు ముందు వైపు చక్రాలుండవు. దాని ముందు భాగం లాగే బండి వీపు మీద ఆనుతుంది. లాగే బండిని మా దగ్గర పుల్లర్ అంటారు, కొందరు హెడ్డు అంటారు. పుల్లర్ వీపు మీద గ్రీజు పూసిన ఇనప పళ్లెం ఒకటి ఉంటుంది. వెనక వైపు చీలి, గుర్రపు లాడంలా కనిపిస్తుంది. అదే ఫిఫ్త్ వీల్. ట్రైలర్ అడుగున కిందికి పొడుచుకొచ్చిన లావుపాటి ఉక్కు మేకు కింగ్‌పిన్. పుల్లర్‌ను వెనక్కి నడిపితే ఆ మేకు చీలికలోంచి లోపలికి వెళుతుంది, దవడలు మూసుకుంటాయి. ఇక పుల్లర్ ఎటు తిరిగితే ట్రైలర్ అటు వస్తుంది.

చక్రం కాని దానికి చక్రమని పేరెందుకు వచ్చింది? అది గుర్రపు బగ్గీల నాటి పేరు. నాలుగు చక్రాల బగ్గీకి ముందు ఇరుసు తిరగాలంటే ఇరుసుకూ పెట్టెకూ మధ్య పడుకోబెట్టిన చక్రం లాంటిది ఒకటి కావాలి. నాలుగు నిలువు చక్రాలకు తోడుగా అది అయిదోది. మన ఎడ్లబండికి రెండే చక్రాలు, ఎద్దులు తిరిగితే బండి తిరుగుతుంది, కనక మనకు ఆ అవసరం రాలేదు. కానీ మా హొసకోటె అవిముక్తేశ్వర స్వామి రథం లాగేటప్పుడు చూడండి. అంత పెద్ద తేరుకు ఇరుసులు తిరగవు. చక్రాల కింద చెక్కలు వేసి, పక్కకు ఒరిపించి, జానెడు జానెడుగా మలుపు తిప్పాలి. అయిదో చక్రం లేకపోతే ఎంత శ్రమో ఆ రథమే చెబుతుంది.

మోటారు బండి వెనక ఇలాంటి ట్రైలర్ తగిలించిన తొలి మనుషుల్లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ ఒకడు. అమెరికాలో డెట్రాయిట్ నగరంలో కమ్మరి పని చేసేవాడు. 1914లో ఒక కలప వ్యాపారి తన పడవను చెరువు దాకా తీసుకుపోవడానికి ఏదైనా కట్టిపెట్టమన్నాడు. ఫ్రూహాఫ్ దాన్ని ఫోర్డ్ మోడల్ టీ కారుకు తగిలించేలా కట్టిపెట్టాడు. పడవ కోసం మొదలైన పని కలప మోసే ట్రైలర్లకు దారితీసింది. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది.

మా ఊరికి ఆ గాలి గట్టిగా తగిలింది 1998లో. ఆ సంవత్సరం వోల్వో కంపెనీ లారీల ఫ్యాక్టరీ హొసకోటెలో మొదలైంది. అక్కడి నుంచి వచ్చిన ఎఫ్‌హెచ్-12 పుల్లర్‌ను రోడ్డు మీద చూసిన రోజు నాకు గుర్తుంది. ఆరు చక్రాల లారీలు, పది చక్రాల లారీలు తిరిగే రోడ్డది. మేడ లాంటి కేబిన్‌తో అది పోతుంటే టీ కొట్టులో మనుషులు గ్లాసులు పట్టుకొని బయటికి వచ్చి నిలబడ్డారు. ఇప్పుడు ఎవరూ తలెత్తి చూడరు. హొసకోటె నుంచి శ్రీపెరంబుదూరు దాకా 262 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే వస్తోంది. కర్ణాటక వైపు ముక్క మీద 2024 డిసెంబరు నుంచే బండ్లు పోతున్నాయి. గోడౌన్లు పెరిగాయి, కంటైనర్లు పెరిగాయి. వాటితోపాటు పొలం అమ్మి, బంగారం కుదవపెట్టి ట్రైలర్ కొనే మన తెలుగు కుర్రవాళ్లూ పెరిగారు. వాళ్ల కోసమే ఈ మాటలు.

ముళబాగిలు పక్క పల్లెకు చెందిన ఒకతను కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, బండి చూసేసినా, అడ్వాన్స్ కూడా ఇచ్చేసినా. నువ్వు ఒక లోడు ఇప్పించు చాలు" అన్నాడు. రెండిరుసుల పుల్లర్, మూడిరుసుల నలభై అడుగుల ట్రైలర్, మొత్తం 18 చక్రాలు. "ఏం లోడు అనుకున్నావప్పా?" అని అడిగాను. "ఏదైతే ఏమన్నా, 45 టన్నుల బండి కదా" అన్నాడు. అతనికి దొరికిన లోడు గ్రానైటు. కుప్పం, చిత్తూరు చుట్టుపక్కల క్వారీల రాయి పలకలై, ఇరవై అడుగుల కంటైనర్లలో చెన్నై రేవుకు పోతుంది. రాయి కనక చిన్న పెట్టెలోనే పెద్ద బరువు. కంటైనరుతో కలిపి 28 టన్నులు తూగింది.

పుల్లర్ సొంత బరువు సుమారు 7 టన్నులు. ట్రైలర్ 6 టన్నులు. కంటైనర్ 28. మొత్తం 41. బండికి అనుమతి 45.5 టన్నులు. కాగితం మీద నాలుగున్నర టన్నుల వెసులుబాటు ఉంది. అతను సంతోషంగా వెళ్లాడు. మూడు నెలలు తిరక్కుండానే పుల్లర్ వెనక స్ప్రింగు పట్టీలు విరిగాయి. టైర్లు ఒకదాని వెనక ఒకటి పేలాయి. బండిలో లోపమన్నాడు, టైర్ల కంపెనీని తిట్టాడు. లోపం కావడిలో ఉంది.

కావడి బద్దను ఇద్దరు మనుషులు చెరో కొన పట్టుకొని మోస్తున్నారనుకోండి. మధ్యలో బిందె వేలాడదీస్తే ఇద్దరికీ సగం సగం. బిందెను ముందువాడి వైపు జరిపితే వాడి భుజం కుంగుతుంది, వెనకవాడు తేలిగ్గా నడుస్తాడు. ట్రైలర్ అంతే. ముందువాడు కింగ్‌పిన్ కింద ఉన్న పుల్లర్. వెనకవాడు ట్రైలర్ ఇరుసుల గుంపు. వాళ్ల మధ్య దూరం అతని బండిలో 8 మీటర్లు.

ఇప్పుడు కాగితం, పెన్సిలు ఉంటే తీసుకోండి. కంటైనర్ నడిమి భాగం పిన్నుకు ఎన్ని మీటర్లు వెనక ఉందో చూడాలి. ఆ అంకెను 8 లోంచి తీసేయాలి. మిగిలినదాన్ని 28తో గుణించి 8తో భాగిస్తే పిన్ను మీద పడే బరువు వస్తుంది. అతను కంటైనర్‌ను ట్రైలర్ ముందు సగంలో పెట్టించాడు. బరువు ఇంజనుకు దగ్గరగా ఉంటే పట్టు బాగుంటుందని ఎవరో చెప్పారట. అప్పుడు కంటైనర్ నడుము పిన్నుకు 2 మీటర్ల వెనక ఉంది. ఎనిమిదిలో రెండు పోతే ఆరు. ఆరు ఇరవైఎనిమిదులు 168, ఎనిమిదితో భాగిస్తే 21. ట్రైలర్ సొంత బరువులో మరో 2 టన్నులు కూడా పిన్ను మీదే. అంటే 23 టన్నులు పుల్లర్ వీపు మీద కూర్చున్నాయి. ఆ పుల్లర్ వెనక ఇరుసుకు చట్టం అనుమతించేది 11.5 టన్నులు. దానికి తన సొంత బరువే రెండున్నర టన్నుల దాకా ఉంటుంది. మొత్తం బరువు తక్కువే ఉన్నా ఒక్క ఇరుసు మీద దాదాపు రెట్టింపు. పట్టీలు విరగక ఏం చేస్తాయి?

సరే, పూర్తిగా వెనక సగంలో పెడితే? కంటైనర్ నడుము సరిగ్గా ట్రైలర్ ఇరుసుల మీదికి వస్తుంది. పిన్ను మీద కంటైనర్ బరువు సున్నా. 28 టన్నులూ వెనకే, ట్రైలర్ సొంత బరువులో వెనక పడే 4 టన్నులు కలిపి 32. మూడిరుసుల గుంపుకు అనుమతి 27. పైగా పుల్లర్ డ్రైవింగ్ చక్రాల మీద బరువు చాలదు. వానపడ్డ ఎక్కుడులో చక్రం అక్కడే తిరుగుతుంది, బండి కదలదు. కనక మధ్యలో పెట్టాలి. పిన్నుకు 5 మీటర్ల వెనక పెడితే పిన్ను మీద 10.5, ట్రైలర్ వాటా 2 కలిపి 12.5. ఫిఫ్త్ వీల్ వెనక ఇరుసుకు కాస్త ముందుగా బిగించి ఉంటుంది కనక ఒకటిన్నర టన్ను ముందు ఇరుసుకు పోతుంది. మిగిలిన 11కు సొంత బరువు రెండున్నర కలిపితే 13.5. ఇంకా 2 టన్నులు ఎక్కువే. కంటైనర్‌ను ఇంకో ముప్పావు మీటరు వెనక్కి జరిపితే అప్పటికి అన్ని ఇరుసులూ హద్దులోకి వస్తాయి.

అయితే జరిపేదెట్లా? కంటైనర్‌ను ఇష్టమొచ్చిన చోట కూర్చోబెట్టడానికి వీల్లేదు. దాని నాలుగు మూలలూ ట్రైలర్ మీది ట్విస్ట్ లాకుల్లో బిగియాలి. అతని ట్రైలర్‌కు ఎనిమిదే లాకులు. నలభై అడుగుల పెట్టె ఒకటి, లేదా ఇరవై అడుగులవి ముందొకటి వెనకొకటి పెట్టవచ్చు. మధ్యలో ఒంటరి పెట్టెకు చోటు లేదు. పన్నెండు లాకులున్న ట్రైలర్ కొని, ఆ మధ్య లాకులు ఎక్కడ బిగించారో టేపుతో కొలుచుకొని ఉంటే అతని బండి బతికేది. లాకుల తేడాకు అయ్యే ఖర్చు ఎంత? ఆ మూడు నెలల్లో అతను టైర్లకు పెట్టినదానితో పోలిస్తే లెక్కలోకి రాదు.

అందుకే నేను వచ్చినవాళ్లందరికీ ఒక వరస చెబుతాను. మొదట లోడు తేల్చుకోవాలి. రెండోది ఏ రోడ్డు. ఆ తర్వాతే ట్రైలర్. అన్నిటికంటే చివర పుల్లర్. మనవాళ్లు దీన్ని తలకిందులుగా చేస్తారు. షోరూములో పుల్లర్ కేబిన్ చూసి మనసు పారేసుకుంటారు, తర్వాత చవకగా దొరికిన ట్రైలర్ తగిలిస్తారు, ఆ తర్వాత లోడు వెతుక్కుంటారు.

లోడును బట్టి ట్రైలర్ ఎట్లా మారుతుందో చూడండి. కంటైనర్లు మాత్రమే అయితే ఎముకల గూడు లాంటి స్కెలెటల్ ట్రైలర్ చాలు. తేలిక కనక ఆ మేరకు సరుకు ఎక్కువ వేయవచ్చు. ఇనప కడ్డీలు, సిమెంటు కూడా తోలాలంటే ఫ్లాట్‌బెడ్ కావాలి, అది బరువు. కేజీఎఫ్‌లో బీఈఎంఎల్ వాళ్లు చేసే బుల్‌డోజర్ల లాంటి యంత్రాలకు లో బెడ్ తప్పదు. దాని లోకమే వేరు, పర్మిట్లు వేరు, డ్రైవర్లు వేరు. ఈ మూడు పనులూ ఒకే ట్రైలర్‌తో చేద్దామనుకున్నవాళ్లను చూశాను. ఏ పనికీ సరిపోక ఎండలో తుప్పుపట్టిన ట్రైలర్లనూ చూశాను.

ఇక పుల్లర్. బానెట్ మీది అంకెలు చదవడం నేర్చుకోండి. మన దేశపు కంపెనీల పుల్లర్ల మీద 4018, 5530 లాంటి నాలుగంకెలు ఉంటాయి. ముందు రెండంకెలు సుమారుగా టన్నులు. వెనక రెండంకెల పక్కన సున్నా పెడితే సుమారుగా ఇంజను హార్స్‌పవర్. 5530 అంటే 55 టన్నుల బండికి 300 హార్స్‌పవర్. 4018 అంటే ట్రైలరుతో కలిపి 40 టన్నుల లోపు, 180 చిల్లర. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇరుసు బరువుల హద్దులు పెంచింది. ముందు ఇరుసుకు 7 టన్నులు, నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 11.5, జంట ఇరుసులకు 21, మూడిరుసుల గుంపుకు 27. ఈ నాలుగు అంకెలు కంఠతా వస్తే ఏ బండి హద్దయినా మీరే కూడుకోవచ్చు. రెండిరుసుల పుల్లర్, రెండిరుసుల ట్రైలర్: 7, 11.5, 21 కూడితే 39.5. ఇది 14 చక్రాల బండి. ట్రైలర్‌కు మూడిరుసులైతే 45.5, అది 18 చక్రాలది. పుల్లర్‌కూ జంట ఇరుసులైతే 7, 21, 27 కలిపి 55. అదే 22 చక్రాల బండి.

గ్రానైటు లాంటి, బరువంతా ఒకేచోట పడే సరుకుకు నేను 22 చక్రాల బండికే ఓటు వేస్తాను. మొత్తం బరువు అంత లేకపోయినా సరే. పుల్లర్ వెనక 21 టన్నులు మోయగల జంట ఇరుసులుంటే కంటైనర్ కాస్త అటూ ఇటూ అయినా బండి ఓర్చుకుంటుంది. ధర ఎక్కువ, టైర్లు ఎక్కువ, డీజిలు ఎక్కువ, నిజమే. కానీ బట్టలు, బిస్కెట్లు, ఆన్‌లైన్ సరుకు లాంటి తేలిక లోడుకు అదే బండి కొంటే అప్పుల పాలే. వాటికి పెట్టె నిండినా బరువు నిండదు. పద్నాలుగు చక్రాల బండి, పొడవైన ట్రైలర్, అంతే.

హద్దు దాటితే ఏముందిలే, చేయి తడిపి పోవచ్చు అనే మాట వింటూనే ఉన్నాను. 2019 సవరణ చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. ఎక్కువైన సరుకు అక్కడే దించాలి. నాకు జరిమానా కంటే బెంగగా ఉండేది ఘాటు దారి.

హొసకోటె సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. చెన్నై రేవు సముద్రం ఒడ్డున ఉంది. ఈ 900 మీటర్లూ ఎక్కడో ఒకచోట దిగక తప్పదు. చిత్తూరు దారిలో పలమనేరు దాటాక మొగిలి ఘాటు వస్తుంది. అక్కడ జరిగిన ప్రమాదాలు మీరు పేపర్లో చదివే ఉంటారు. 40 టన్నుల బండి దిగుడులో ఉన్నప్పుడు దాన్ని ఎంత లాగగలమన్నది ప్రశ్నే కాదు, అది మనల్ని తోస్తుంటుంది. బ్రేకు మీద కాలు తీయకుండా దిగితే డ్రమ్ములు కాలి, లైనింగు పట్టు వదిలేస్తుంది. చిన్న గేరులో, ఎగ్జాస్ట్ బ్రేకు వేసుకొని, ఇంజను చేతనే బండిని పట్టి ఉంచాలి. కనక పుల్లర్ కొనేటప్పుడు ఇంజను బ్రేకు ఎంత బలమైనదో అడగండి. హార్స్‌పవర్ గురించి అడిగినంత గట్టిగా అడగండి.

ట్రైలర్ బ్రేకుల సంగతి మరీ ముఖ్యం. పుల్లర్ నుంచి ట్రైలర్‌కు రెండు గాలి గొట్టాలు పోతాయి. ఒకటి ట్యాంకులో గాలి నింపి ఉంచేది, రెండోది పెడల్ తొక్కినప్పుడు పనిచేయించేది. వాటి పక్కనే, బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ కరెంటు తీగ. ఆ తీగ ఊడి వేలాడుతూ తిరిగే బండ్లను నేను రోజూ చూస్తాను. ఏబీఎస్ పనిచేయక ట్రైలర్ చక్రాలు బిగుసుకొని జారితే ట్రైలర్ పక్కకు విసిరి, బండి మధ్యలోకి మడతపడుతుంది. డ్రైవర్ కేబిన్ తన సొంత ట్రైలర్‌కే కొట్టుకొని నలుగుతుంది. ఆ తీగ తగిలించడానికి పట్టేది అర నిమిషం. ఓనర్లు ఇది డ్రైవర్ పని అంటారు. తీగ విరిగితే కొత్తది కొనివ్వవలసింది ఓనరే.

నేను ఆఫీసులో చేరిన తొలి రోజుల్లో ఒక యార్డులో జరిగింది చెబుతాను. రాత్రి వేళ డ్రైవర్ పుల్లర్‌ను వెనక్కి తెచ్చి తగిలించాడు. 'టక్' మని చప్పుడైంది, సరిపోయిందనుకున్నాడు. ట్రైలర్ విడిగా ఉన్నప్పుడు ఆనే ఇనప కాళ్లు పైకెత్తేశాడు. గేటు దాకా వచ్చి కుడికి తిప్పగానే ట్రైలర్ జారి ముక్కు నేలకు కొట్టుకుంది. దవడలు పూర్తిగా మూసుకోలేదు. పక్కన మనిషి లేడు కనక సరిపోయింది. అదే రోడ్డు మీద జరిగి ఉంటే తలచుకోవడానికే నాకు ధైర్యం చాలదు. ఆ రోజు నుంచి నా ముందు తగిలించిన ప్రతి బండికీ టార్చి వేసి కిందికి చూశాను. పళ్లేనికీ ట్రైలర్‌కూ మధ్య వెలుతురు కనిపించకూడదు. దవడ మేకు వెనకగా మూసుకొని ఉండాలి. కాళ్లు ఎత్తకముందే ట్రైలర్ బ్రేకు పట్టి ఉంచి, చిన్న గేరులో ఒకసారి ముందుకు లాగి చూడాలి.

పాత ట్రైలర్ కొనేవాళ్లకు కింగ్‌పిన్ అరుగుదలే జాతకం. సాధారణంగా వాడే రెండంగుళాల పిన్ను కొత్తగా ఉన్నప్పుడు 50.8 మిల్లీమీటర్లు. అది 49కి దిగితే మార్చాల్సిందే. భారీ సరుకు ట్రైలర్లకు మూడున్నర అంగుళాల పిన్ను ఉంటుంది, దానికి వేరే ఫిఫ్త్ వీల్ కావాలి. పుల్లర్ ఒకటి, పిన్ను ఇంకొకటి అయితే కొన్న రోజే తగవు. ఫిఫ్త్ వీల్ మీద ఒక చిన్న ప్లేటు ఉంటుంది. ఎంత లాగుడుకు తట్టుకుంటుందో, నిలువుగా ఎన్ని టన్నులు మోస్తుందో రెండూ దాని మీద రాసి ఉంటాయి. గ్రీజు తుడిచి చదవండి. ట్రైలర్ మెడ దగ్గర వెల్డింగు మీద కొత్త రంగు ఒక్కచోటే వేసి ఉంటే గోకి చూడండి, పగులు దాచి ఉండవచ్చు. ట్రైలర్ ఆర్సీ, నంబరు, ఇన్సూరెన్స్ కూడా అడిగి చూడండి. పుల్లర్ కాగితాలతో సరిపెట్టుకోవద్దు.

నా చెల్లెలి కొడుకు అమెరికాలో టెక్సస్‌లో ఉంటాడు. పోయినేడు ఫోన్ చేశాడు. "మామయ్యా, ఇల్లు లాంటి ఫిఫ్త్ వీల్ ట్రైలర్ కొందామనుకుంటున్నాం. పిల్లల సెలవులకు ఊళ్లు తిరగవచ్చు. మా ఎఫ్-150 పికప్ పదమూడు వేల పౌండ్లు లాగుతుందని రాశారు. ట్రైలర్ పన్నెండు వేలే" అన్నాడు. వంట, పడకలు, స్నానాల గది అన్నీ ఉన్న బండి అది. వాళ్ల దగ్గర ఆ రకం కొత్తది కూడా కాదు. విమానాల తయారీలో పేరుపొందిన గ్లెన్ కర్టిస్ 1920ల చివర్లోనే అలాంటి ఇంటి ట్రైలర్లు చేసి అమ్మాడు. పికప్ తొట్టిలో, వెనక ఇరుసుకు పైగా ఫిఫ్త్ వీల్ బిగిస్తారు.

"ఎంత లాగుతుందో సరే నాయనా, ఎంత మోస్తుంది?" అని అడిగాను. వాడు డ్రైవర్ తలుపు తెరిచి, చట్రం మీద అంటించిన పసుపు, తెలుపు స్టిక్కర్ చదివాడు. మనుషులూ సామానూ కలిపి 1,700 పౌండ్లు దాటకూడదని ఉంది. ఇంటి ట్రైలర్లలో పిన్ను మీద పడేది ట్రైలర్ బరువులో అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా. పన్నెండు వేలకు 2,400 నుంచి 3,000 పౌండ్లు. అందులోనే వాడూ, భార్యా, ఇద్దరు పిల్లలూ, తొట్టిలో బిగించే ఇనప సామానూ కూడా కలవాలి. లాగడానికి చాలిన బండి మోయడానికి చాలదు. "అయితే ఎఫ్-250నో ఎఫ్-350నో కావాలా మామయ్యా?" అన్నాడు. "ఆ రెంటి తలుపుల మీద స్టిక్కర్లూ చదివి చెప్పు" అన్నాను. చివరికి వాడు చిన్న ట్రైలర్‌కు మనసు మార్చుకున్నాడు. మొగిలి ఘాటులోనైనా టెక్సస్ మైదానంలోనైనా కావడి లెక్క మారదు.

డ్రైవర్ గురించి ఒక మాట చెప్పకపోతే నా మనసు ఒప్పదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల కేబిన్లలో ఏసీ తప్పనిసరి చేశారు. ఇన్నేళ్లూ వేసవిలో ఇంజను వేడి మీద కూర్చొని చెన్నై దాకా పోయిన మనుషులను నేను చూశాను. పాత పుల్లర్ కొంటున్నవాళ్లు కూడా వీలుంటే ఏసీ పెట్టించండి. సీటు, పడక మంచివి వేయించండి. నిద్రలేని డ్రైవర్ చేతిలో ఏ బ్రేకూ మంచి బ్రేకు కాదు.

చివరిగా ఒక విన్నపం. బండికి అడ్వాన్స్ ఇవ్వకముందు, మీరు తోలబోయే సరుకునే ఇప్పుడు తోలుతున్న బండి ఒకటి వెతకండి. ఆ డ్రైవర్‌కు టీ ఇప్పించి, కాటా దగ్గరికి తీసుకెళ్లండి. మొత్తం బండిని ఒకేసారి తూచి వదిలేయకండి. ముందు చక్రాలు మాత్రం పళ్లెం మీద పెట్టి ఒక చీటీ, పుల్లర్ మొత్తం ఎక్కించి ఇంకొకటి, ట్రైలర్ ఇరుసులు మాత్రం పెట్టి మూడోది తీసుకోండి. రెండో చీటీలోంచి మొదటిది తీసేస్తే పుల్లర్ వెనక ఇరుసు బరువు వస్తుంది. ఆ మూడు చీటీలు జేబులో పెట్టుకొని షోరూముకు వెళ్లండి. అమ్మేవాడు ఇది ఎంత లాగుతుందో చెబుతున్నప్పుడు ఆ చీటీలు బల్ల మీద పెట్టి, ఇది ఎంత మోస్తుందో చెప్పమనండి.